బోయిగూడ నుంచి బో టై దాకా

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకటో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు దిగారంటే ఊరి ముఖం కనిపిస్తుంది. హోటళ్లు, సిటీ బస్సులు, ‘ఎక్కడికన్నా’ అంటూ వెంటపడే ఆటోలు. పదో నంబర్ వైపు బయటికొస్తే ఊరి వీపు కనిపిస్తుంది. అదే బోయిగూడ.

వీపు అన్నానని చిన్నచూపు అనుకోకండి. బరువు మోసేది వీపే కదా. ఇక్కడ టింబర్ డిపోలు ఉంటాయి. తుక్కు గోదాములు ఉంటాయి. రంపం ఆడే చప్పుడు, టేకు పొట్టు వాసన, దుంగలు దించే హమాలీల కేకలు. నగరంలో ఎవరింట్లోనో బిగించబోయే గుమ్మం ముందు ఇక్కడే గోడకి ఆనించి నిలబడి ఉంటుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు బోయిగూడకి వస్తారు. సూటు కుట్టించుకునేవాళ్లు మాత్రం ఇటు రారు.

మాకు ఆ అవసరం ఇక్కడే మొదలైంది.

చిన్నమ్మ వాళ్లది బోయిగూడ. చిన్నాయన టింబర్ డిపోలో పని చేస్తాడు. వాళ్లబ్బాయికి, అంటే నా తమ్ముడికి, మాఘమాసంలో పెళ్లి కుదిరింది. ముహూర్తానికి పట్టుపంచె, అందులో వాదన లేదు. రిసెప్షన్ దగ్గరే వచ్చింది చిక్కు. అమ్మాయి తరఫు కజిన్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫొటో పడేశారు. ‘థీమ్: బ్లాక్ అండ్ గోల్డ్. బావకి టక్సీడో’ అని కింద రాశారు. పక్కన రెండు గుండె గుర్తులు.

చిన్నాయన ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకి జరిపి, ఫొటో పెద్దది చేసి చూశాడు.

“గీ మెడల సీతాకోకచిలుక ఏందిరా? కేటరింగ్ పోరగాళ్లు కట్టుకునేది గిదే గదా?”

అందరం నవ్వాం. తమ్ముడు నవ్వలేదు. డిగ్రీ చదివేటప్పుడు రెండేళ్లపాటు శని, ఆదివారాలు వాడు వెళ్లింది కేటరింగ్ పనికే. తెల్ల చొక్కా, నల్ల వెయిస్ట్‌కోటు, ఎలాస్టిక్ తాడున్న బో. ఫీజు కట్టుకుంది ఆ డబ్బుతోనే. ఇప్పుడు వాడిది ఐటీ ఉద్యోగం. కానీ ఆ బో చూడగానే వాడి మొహం మారింది. రాత్రి డాబా మీద నాతో అన్నాడు: “అక్కా, స్టేజ్ మీద నిలబడితే ఎవడైనా వచ్చి వాటర్ బాటిల్ అడుగుతాడేమో.”

జోక్‌లానే అన్నాడు. కానీ జోక్ కాదు.

తోక కోసిన కోటు

ముందు అసలు ఈ టక్సీడో ఏమిటో చూద్దాం.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ దొరలు రాత్రి భోజనానికి కూర్చోవాలంటే వెనక పొడుగ్గా తోకలున్న కోటు వేసుకోవాలి. సొంత ఇంట్లో తిన్నా అదే రూలు. 1865లో అప్పటి వేల్స్ యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయన, లండన్ సావిల్ రోలోని హెన్రీ పూల్ అనే దర్జీ సంస్థలో తోకల్లేని పొట్టి కోటు కుట్టించుకున్నాడని ఆ సంస్థ రికార్డులు చెబుతాయి. హాయిగా తినడానికి, కాళ్లు బార్లా చాపి కూర్చోడానికి. ఇప్పటి మాటల్లో అది యువరాజు గారి ‘ఇంట్లో వేసుకునే డ్రెస్’.

ఆ కోటు అమెరికా చేరింది. న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే చోట ధనవంతుల క్లబ్ ఒకటి 1886లో మొదలైంది. అక్కడి కుర్రాళ్లు ఆ పొట్టి కోటు వేసుకోవడంతో ఊరి పేరే బట్టకి అంటుకుంది. మనకి వెంకటగిరి చీర, గద్వాల చీర ఉన్నట్టే వాళ్లకి ‘టక్సీడో’. ఇంగ్లండ్‌లో మాత్రం ఇప్పటికీ ‘డిన్నర్ జాకెట్’ అనే అంటారు.

మామూలు నల్ల సూటుకీ దీనికీ తేడా ఎక్కడ? మెరుపులో. కోటు కాలర్ మడతల మీద శాటిన్ ఉంటుంది. ప్యాంటు పక్క కుట్టు మీద పైనుంచి కింది దాకా శాటిన్ పట్టీ ఉంటుంది. బొత్తాలకీ అదే గుడ్డ చుడతారు. జేబులకి మూతలుండవు. ప్యాంటుకి బెల్టు లూపులుండవు. ఇది సాయంత్రం వేసుకునే బట్ట. దీపాల వెలుతురులో ఆ శాటిన్ మెరవాలన్నది లెక్క. పొద్దున ముహూర్తానికి వేసుకుంటే పగలు టార్చిలైట్ వేసినట్టుంటుంది.

నడుం దగ్గర మనవాళ్లు

ఇప్పుడు అసలు సంగతి. టక్సీడోతో పాటు నడుముకి కట్టే వెడల్పాటి మడతల పట్టీ ఒకటుంటుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘కమ్మర్‌బండ్’ అంటారు. మాట విన్నారు కదా? కమర్‌బంద్! ఫారసీలో కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. హిందుస్తానీలోంచి నేరుగా ఇంగ్లీషులోకి ఎక్కిన మాట.

మన ఎండల్లో కోటు కింద వెయిస్ట్‌కోటు కూడా వేసుకోవడం బ్రిటిష్ ఆఫీసర్ల వల్ల కాలేదు. చుట్టూ చూస్తే సిపాయిలు, సేవకులు నడుముకి గుడ్డ బిగించుకుని హాయిగా తిరుగుతున్నారు. వాళ్లూ అదే పని చేశారు. తర్వాత ఆ నడికట్టు పట్టుబట్టగా మారి, ఓడెక్కి, లండన్ డిన్నర్లలోకి వెళ్లింది. మనం ‘దట్టి’ అనే దానికి అన్నలాంటిది.

సికింద్రాబాద్‌కి ఈ కథ పరాయిది కాదు. ఈ ఊరు పుట్టిందే కంటోన్మెంటుగా. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. జనం మాత్రం ‘లష్కర్’ అన్నారు, అంటే సైన్యం దిగిన చోటు. బోనాలప్పుడు ఇప్పటికీ ‘లష్కర్ బోనాలు’ అనే అంటాం. ఆఫీసర్ల మెస్సులు, క్లబ్బులు, దొరల బట్టలు కుట్టే దర్జీలు, ఇవన్నీ ఆ వెంటే వచ్చాయి. అటు హైదరాబాద్‌లో నిజాం దర్బారుకి వెళ్లాలంటే షేర్వానీ మీద బగ్లూస్ అనే నడికట్టు, తలకి దస్తార్ ఉండాల్సిందే. మూసీకి అటూ ఇటూ ఎవరి డ్రెస్‌కోడ్ వాళ్లది. నడుం మాత్రం ఇద్దరూ కట్టుకున్నారు.

ఇక బోయిగూడ. పేరులోనే బోయీ ఉన్నాడు. బోయీలంటే పల్లకి మోసేవాళ్లు. లష్కర్‌లో అందరికీ తెలిసిన ఉజ్జయిని మహంకాళి గుడి కథ కూడా ఇలాంటి మనిషి కథే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో తన దళంతో ఉజ్జయిని వెళ్లాడు. ఇక్కడ కలరా జోరుగా ఉందని విన్నాడు. జబ్బు తగ్గితే నీకు మా ఊళ్లో గుడి కడతానని అక్కడి అమ్మవారికి మొక్కాడు. తిరిగొచ్చాక 1815లో విగ్రహం ప్రతిష్ఠించాడని ఆలయ చరిత్ర. ఊరు ఊరంతా మొక్కే అమ్మవారిని తెచ్చింది బరువు మోసే మనిషి.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. “అంటే దొరలు మన దగ్గర కాపీ కొట్టారంటావ్” అన్నాడు. నడుం వరకూ అంతే.

ఒకే ఏడాది, రెండు మంటలు

బోయిగూడ గురించి రాస్తూ ఒక విషయం దాటేయలేం. 2022 మార్చి 23 తెల్లవారుజామున ఇక్కడి తుక్కు గోదాంలో మంటలు లేచాయి. పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. అంతకు రెండు నెలల ముందు, జనవరి 16న, సికింద్రాబాద్ క్లబ్ పాత భవనం కాలిపోయింది. 1878 నుంచి నడుస్తున్న క్లబ్ అది. అదృష్టం, అక్కడ ఎవరి ప్రాణాలూ పోలేదు.

రెండూ ఒకే ఊళ్లో జరిగినవే. టక్సీడోలు, డిన్నర్ జాకెట్లు ఏ గదుల కోసం పుట్టాయో అలాంటి గదులు ఒక చోట కాలాయి. ఇంకో చోట ఇంటికి డబ్బు పంపుకునే కుర్రాళ్లే పోయారు. చిన్నాయన ఆ పొద్దున డిపోకి నడుచుకుంటూ వెళ్లాడు. ఆ కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురిని టీ కొట్టు దగ్గర చూసేవాడట. పేర్లు తెలీవు, మొహాలు తెలుసు. ఇప్పటికీ దాని గురించి ఎక్కువ మాట్లాడడు. “పెండ్లికి అప్పు చెయ్యొద్దు, లొల్లి చెయ్యొద్దు” అని మాత్రం అంటాడు. ఆ రెండు మాటలకీ సంబంధం ఏమిటో నేను అడగలేదు.

కొందామా, అద్దెకా, కుట్టిద్దామా?

ముందు షోరూమ్‌కి వెళ్లాం. పేరెందుకు లెండి. ఏసీ, అద్దాలు, మెత్తటి సోఫా. రెడీమేడ్ టక్సీడో వేసి నిలబెట్టారు. నడుం సరిపోయింది, భుజం అరంగుళం కిందికి జారింది. “ఫొటోల్లో తెలీదు సార్” అన్నాడు సేల్స్ అబ్బాయి. ధర తమ్ముడి నెల జీతం దాటింది. వెంటనే ఈఎమ్ఐ కార్డు ముందుకొచ్చింది. తమ్ముడు నా వైపు చూశాడు, నేను తలుపు వైపు చూశాను.

ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి. రెడీమేడ్ కోటులో చేతుల పొడవు సరి చేయొచ్చు, నడుం కొంత లోపలికి పట్టొచ్చు, ప్యాంటు పొడవు మార్చొచ్చు. భుజం మాత్రం మార్చడం దాదాపు కొత్త కోటు కుట్టడమే. కాబట్టి ముందు భుజం చూడండి, తర్వాతే రంగు, రేటు.

రెండో దారి అద్దె. ఒక్క రాత్రికే అయితే ఇది తెలివైన పనే, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ అద్దె బట్టల్లో కూడా భుజం మనది కావాలి కదా. వాడి కొలతకి దగ్గరగా వచ్చినదానికి శాటిన్ పొంగి ఉంది. వేడి ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టిన గుర్తు అది.

ఇలాంటి విషయంలో ఒక్కో మనిషిది ఒక్కో తీరు. మన నిజాముల్నే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేసిన బట్ట మళ్లీ వేయడని చెప్పుకునేవారు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువాలు ఒక హాలంత పొడుగున ఇప్పటికీ ఉన్నాయి. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడై ఉండి కూడా, పాత బట్టలతోనే గడుపుతాడని పేరు తెచ్చుకున్నాడు. ఒకే ఇల్లు!

మాకు మూడో దారి మిగిలింది. కుట్టించడం.

జనరల్ బజార్ సందుల్లో

బోయిగూడ నుంచి బన్సీలాల్‌పేట మీదుగా వెళ్లాం. 2022 డిసెంబర్‌లో బాగు చేసి తెరిచిన పాత మెట్ల బావి అక్కడే ఉంది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన బావి అంటే నమ్మబుద్ధి కాదు. తమ్ముడు ఓ సెల్ఫీ తీసుకున్నాడు. అక్కణ్నుంచి రాణిగంజ్, ఎంజీ రోడ్. పాతవాళ్లు దీన్ని ఇంకా జేమ్స్ స్ట్రీట్ అంటారు. దాన్ని ఆనుకునే జనరల్ బజార్.

జనరల్ బజార్‌లో నడవడం కూడా ఒక విద్యే. భుజం ముందు పెట్టి, బ్యాగు ఛాతీకి ఆనించుకుని దూరిపోవాలి. చీరలు, లేసులు, అస్తర్లు, బొత్తాలు, జరీ అంచులు. ఒక పెళ్లికి కావలసిన బట్ట మొత్తం ఈ సందుల్లో దొరుకుతుంది.

చిన్నాయన కూడా వచ్చాడు. గుడ్డ ఎంచింది ఆయనే. బట్టల గురించి తెలిసి కాదు, చెక్క గురించి తెలిసి. థాను మీద చెయ్యి వేసి, అంచు పట్టుకుని, పిడికిట్లో నలిపి వదిలాడు. “పచ్చి కర్రతోని తలుపు చేస్తే ఎండాకాలం దాకనే. గుడ్డ గూడ గంతే. నలిపి ఇడిస్తే మల్ల సక్కగ కావాలె.” షాపాయన నవ్వి, “పెద్దాయనకి తెలుసు” అంటూ ఇంకో థాను దించాడు. టెర్రీవుల్, పూర్తి ఉన్ని కాదు. మన ఊరికి మరీ బరువైనది వద్దు. ఏసీ హాలులోనైనా స్టేజ్ లైట్ల కింద మూడు గంటలు నిలబడాలి కదా.

రంగు దగ్గర కొంచెం వాదన. నలుపా, ముదురు నీలమా? రాత్రి లైట్లలో కొన్ని నలుపులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, అర్ధరాత్రి నీలం అనేది నలుపు కన్నా నల్లగా కనిపిస్తుంది. కానీ ‘బ్లాక్ అండ్ గోల్డ్’ అన్నారు కాబట్టి నలుపే తీసుకున్నాం. అరవై అంగుళాల పన్నాలో మూడుంపావు మీటర్లు.

మాస్టర్ గారి మాట

టైలర్ షాపు ఒక సందులో, మెట్లెక్కి పైన. కటింగ్ మాస్టర్ వయసు అరవై దాటి ఉంటుంది. మెడలో టేపు, చెవి వెనక సుద్ద. తమ్ముణ్ని చూసి ముందు కొలత తీసుకోలేదు. “అటు తిరిగి నిలబడు బాబూ, మామూలుగా” అన్నాడు. ఒక నిమిషం చూశాడు. “కుడి భుజం కిందికుంది. ల్యాప్‌టాప్ బ్యాగా?”

తమ్ముడు ఒప్పుకున్నాడు. నాకు మాత్రం కేటరింగ్ గిన్నెలు గుర్తొచ్చాయి.

ఆయన దగ్గర నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి.

కోటు లోపల ఏముందో అడగండి. చవక కోట్లలో గుడ్డ వెనక జిగురు పొర అంటిస్తారు, దాన్ని ఫ్యూజింగ్ అంటారు. వేడికి, డ్రైక్లీనింగ్‌కి అది విడిపోతే ఛాతీ మీద బుడగలు వస్తాయి. క్యాన్వాస్ పెట్టి కుడితే కూలి ఎక్కువ, కానీ కోటు ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఒంటికి అలవాటు పడుతుంది. మధ్యేమార్గంగా ఛాతీ వరకు క్యాన్వాస్ పెట్టమనొచ్చు. మేం అదే చేశాం.

కాలర్ మడత కొనలు పైకి తేలినట్టు ఉండాలి, లేదా శాలువాలా గుండ్రంగా జారాలి. మామూలు సూటు కాలర్‌కే శాటిన్ అంటిస్తే అటూ ఇటూ కాకుండా పోతుంది. ముందు ఒకే బొత్తం చాలు.

కచ్చా కుట్టు ట్రయల్ తప్పనిసరి. ఆ రోజు రిసెప్షన్‌కి వేసుకునే చొక్కా, బూట్లతోనే వెళ్లాలి. చెయ్యి ఎత్తి చూడండి, కూర్చుని చూడండి, ఎవరినైనా కావలించుకుని చూడండి. పెళ్లికొడుకు ఆ రాత్రి చేసే పని అదే. చొక్కా మణికట్టు కోటు చెయ్యి కింద నుంచి అరంగుళం కనిపించాలి.

కమర్‌బంద్ మడతలు పైకి తెరుచుకుని ఉండాలి. చాలామంది తలకిందులుగా కడతారు.

కనీసం నెల రోజుల ముందు గుడ్డ ఇవ్వండి. పెళ్లిళ్ల సీజన్‌లో ఏ మాస్టర్ అయినా ‘రేపు’ అంటే మూడు రోజులని అర్థం.

చివర్లో మాస్టర్ అడక్కుండానే ఒక మాటన్నాడు: “లోపల కుట్ల దగ్గర గుడ్డ ఎక్కువ వదులుతున్నా. పెళ్లయ్యాక నడుం పెరుగుతది. విప్పి కుట్టించుకో, కొత్తది కొనకు.” మొత్తం ఖర్చు షోరూమ్ ధరలో సగం కూడా కాలేదు.

టక్సీడోనే ఎందుకు?

మధ్యలో తమ్ముడు ఒకసారి మనసు మార్చుకోబోయాడు. బంద్‌గలా వేసుకుంటా అన్నాడు. అదీ తప్పేం కాదు. ‘బ్లాక్ టై’ అని రాసిన ఆహ్వానాలకి కూడా మనవాళ్లు బంద్‌గలాతో దర్జాగా వెళ్తారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన రోజు జూనియర్ ఎన్టీఆర్ భుజం మీద బంగారు పులి ఉన్న నల్ల దుస్తుల్లో రెడ్ కార్పెట్ మీద నడిచాడు. అది గౌరవ్ గుప్తా డిజైన్. బో లేదు. ఎవరూ తక్కువగా చూడలేదు.

కానీ తమ్ముడి సమస్య బంద్‌గలాతో తీరేది కాదు. వాడు తప్పించుకోవాలనుకుంది బట్టని కాదు, పాత యూనిఫామ్‌ని. ఈ డ్రెస్‌లో ఉన్న తమాషా అదే. వడ్డించేవాడికీ, వడ్డించుకునేవాడికీ మెడలో అదే నల్ల బో. దొరల కాలం నుంచీ అంతే. తేడా కుట్టులో ఉంటుంది, అంతకన్నా ఎక్కువ చూసేవాళ్ల కళ్లలో ఉంటుంది.

చివరికి వాడే అన్నాడు: “ఎలాస్టిక్ బో వద్దక్కా. చేత్తో కట్టేది కొందాం. నేర్చుకుంటా.” రెండు వారాలు యూట్యూబ్ ముందు కూర్చున్నాడు. బో కట్టడం బూటు లేసు కట్టడం లాంటిదే. కాకపోతే లేసు మెడలో ఉంటుంది, అద్దంలో కుడి ఎడమ అవుతుంది.

ఆ రాత్రి

కోటు భుజం మీద చక్కగా కూర్చుంది. చిన్నాయన కమర్‌బంద్‌ని వేలితో మీటి చూసి, “దట్టి లెక్కనే ఉంది” అని తృప్తిగా తలూపాడు. వాటర్ బాటిల్ ఎవరూ అడగలేదు.

కేటరింగ్ వాళ్లతో తమ్ముడు ముందే ఒక మాట చెప్పి పెట్టాడని మాకు తర్వాత తెలిసింది. వడ్డించే కుర్రాళ్లు అందరి భోజనాలూ అయ్యాక, అర్ధరాత్రి మిగిలింది తినడం మామూలు. వాడికి అది బాగా తెలుసు. అందుకని అతిథులు రాకముందే, ఏడింటికల్లా వాళ్లందరికీ వేడి వేడి బిర్యానీ పెట్టించమన్నాడు. దానికి ప్లేట్ లెక్కన డబ్బు కూడా కట్టాడు. టక్సీడోలో మిగిల్చింది అక్కడ పెట్టాడు.

పదకొండు దాటాక, ఫొటోలు అయిపోయాక, బో విప్పి మెడలో వేలాడేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. ప్లేట్లు తీస్తున్న కుర్రాడొకడు వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుంటాయేమో.

“అన్నా, అది నిజంగ కట్టిందా? మాది చూడు, రబ్బరు.”

తన బో ముందుకి లాగి వదిలాడు. టప్‌మంది. తమ్ముడు పక్కన కుర్చీ లాగాడు. “కూర్చో. ఎట్ల కడ్తరో చూపిస్తా.”